పంటి మచ్చ – పింగాణీ రేకు

హయత్‌నగర్ దాటి విజయవాడ రహదారిని పోయినచో పూర్వపు నల్లగొండ జిల్లా పల్లెలు వచ్చును. నవ్వు వచ్చినప్పుడు చేతితో నోరు మూసికొనువారిని అచ్చట శ్రోతలు చూచియే యుందురు. వారి పండ్లపై గోధుమవన్నె చారలు పాచి కావు. పసితనమున త్రాగిన నీటిలోని ఫ్లోరైడు, దవడలో ఏర్పడుచున్న పంటిని చెరచినది. 1937లోనే నెల్లూరు జిల్లాలో వైద్యులు ఈ వ్యాధిని వర్ణించిరి. ఇటుకపొడితో రుద్దినచో చార పోదు, పన్నే అరుగును.

ఈ మచ్చను కప్పుటకు నేడు కొందరు ‘వెనీరు’ వేయించుకొనుచున్నారు. చార్లెస్ పింకస్ అను దంతవైద్యుడు హాలీవుడ్ నటులకు చిత్రీకరణ ముగియువరకే నిలుచునట్లు దీనిని అతికెడివాడు. పంటిని ఆమ్లముతో గరుకుచేసినచో అతుకు నిలుచునని 1955లో బ్యూనోకోర్ చూపెను. ఇప్పుడు వైద్యుడు పంటి ముందుభాగమును సుమారు అర మిల్లీమీటరు అరగదీసి, అచ్చు తీసి, గోరువలె పలుచనైన పింగాణీ రేకును అంటించును. మన పాఠ్యపుస్తకములు ఎనామిల్‌ను పింగాణీ యనియే అనును గనుక, ఇది పింగాణీపై పింగాణీ!

అయితే అరగదీసిన పొర మరల పెరుగదు. రేకును కొన్నేండ్లకు మార్చవలసియు వచ్చును. పెండ్లిచూపుల తొందరలో దీనికి పూనుకొనుట మాకు సమ్మతము కాదు. మచ్చ పైపైననే యున్నచో తేలిక చికిత్సలను ముందు అడిగి చూడవలెను. ఎదుగుచున్న పిల్లలకు ఇది తగదు.

ఆ పిల్లలకు కావలసినది మంచినీరు. కుళాయికి కృష్ణానీరు వచ్చినను ఇంట బోరునీరే త్రాగు అలవాటున్నచో, దానిని పరీక్ష చేయింపుడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్న నీరు త్రాగరాదు. కాచినచో అది పోదు. నీరు ఇగిరినకొలది మరింత చిక్కపడును.