అన్నం అంచుకు జరిగిన కంచం

బరువు తగ్గించే శస్త్రచికిత్సను వైద్యులు బేరియాట్రిక్ సర్జరీ అంటారు. ఒంట్లోని కొవ్వును కోసి తీసివేయడమే ఈ చికిత్స అని చాలామంది అనుకుంటారు గాని, ఇందులో వైద్యుడు కొవ్వు జోలికే పోడు. జీర్ణాశయం పరిమాణాన్ని తగ్గించడం, కొన్ని పద్ధతుల్లో ఆహారం నడిచే దారిని కూడా మళ్ళించడం, ఆయన చేసే పని ఇంతే. తక్కిన పనంతా రోగి ఇంటికి చేరాక వంటింట్లో జరుగుతుంది కాబట్టి, ఈ చికిత్స గురించి మాట్లాడేటప్పుడు ఆ ఇంటి పొయ్యి మీద ఏది ఉడుకుతుందో, కంచంలో ముందుగా ఏది పడుతుందో తెలుసుకోవడం అవసరం.

ఈ దృష్టితో చూస్తే కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు జిల్లా విశేషమైన చోటు. ఈ రెండు నదుల నడిమి నేలల్లో తరతరాలుగా జొన్నరొట్టే ప్రధానాహారం కాగా, 1953లో తుంగభద్ర ఆనకట్ట నుంచి నీరు పారడం మొదలైన తరువాత ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి ప్రాంతాలకు కోస్తా జిల్లాల తెలుగు రైతులు తరలివచ్చి, నేటికీ క్యాంపులనే పిలవబడే ఊళ్ళు కట్టుకొని, వరి సాగును, దానితోపాటు మూడు పూటలా అన్నం తినే అలవాటును స్థిరపరచారు. 2018లో నీతి ఆయోగ్ ఆకాంక్షిత జిల్లాల జాబితాలో చేరిన ఈ జిల్లాలో పౌష్టికాహారలోపం పెద్ద సమస్యగా ఉండగా స్థూలకాయం గురించిన చర్చ కొందరికి వింతగా తోచవచ్చు గాని, రెండూ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉండటం ఇప్పటి దక్షిణాదిలో అరుదేమీ కాదు.

శస్త్రచికిత్స ఎవరికి తగునో నిర్ణయించడానికి వాడే కొలత శరీర ద్రవ్యరాశి సూచిక, అంటే కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. 2022లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ అంకె 35, అంతకు మించి ఉన్నవారికి చికిత్సను సూచిస్తూనే, ఆసియా వాసులకు తక్కువ బరువులోనే మధుమేహం వంటి జబ్బులు వస్తాయన్న కారణంగా వారి విషయంలో 27.5 నుంచే దీన్ని పరిశీలించవచ్చని చెప్పాయి. నేడు ఎక్కువగా జరిగే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా తొలగించి, అరటికాయ ఆకారపు సన్నని గొట్టాన్ని మిగులుస్తారు. గ్యాస్ట్రిక్ బైపాస్ అనే రెండో పద్ధతిలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని ఏర్పరచి, దానిని నేరుగా చిన్నపేగు నడిమి భాగానికి కలుపుతారు. 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు కొజిమా, కంగావా కనుగొన్న గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ప్రధానంగా జీర్ణాశయం పైభాగంలోనే తయారవుతుంది; స్లీవ్ పద్ధతిలో తొలగిపోయేది ఆ భాగమే కాబట్టి, తొలి నెలల్లో రోగికి ఆకలి బొత్తిగా తెలియకపోవడం, కంచం ముందు కూర్చోవడమే ఒక విధిగా మారడం కద్దు. కడుపు పట్టక తినకపోవడం వేరు, తినాలనే కోరికే పుట్టకపోవడం వేరు. మొదటి ఏడాది బరువు వేగంగా తగ్గడంలో రెండింటి పాలూ ఉంది.

ఆపరేషను జరిగిన తొలి ఒకటి రెండు రోజులు నీరు, వడకట్టిన తేటలు, ఆపైన సుమారు రెండు వారాలు పలుచని మజ్జిగ, పాలు, పప్పుతేట, తరువాత మెత్తగా రుబ్బిన పదార్థాలు, ఆ పిమ్మట మెత్తగా ఉడికినవి, ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత మామూలు ఆహారం అన్న క్రమాన్ని, స్వల్ప భేదాలతో, అన్ని ఆసుపత్రులూ పాటిస్తాయి. మజ్జిగలో కలిపి జారుడుగా చేసుకునే జొన్న నుచ్చు, అంటే ఉడికించిన జొన్న నూక, ఈ మెత్తని దశకు చక్కగా సరిపోతుంది. పాశ్చాత్య దేశాల ఆహార పట్టికలను యథాతథంగా చేతిలో పెట్టే పద్ధతి కన్నా ఇంట్లో ఉన్న దాన్ని దశలవారీగా పేర్చి చెప్పడం రోగికి ఎంతో మేలు.

అసలైన మార్పు మామూలు ఆహారం మొదలయ్యాక కనబడుతుంది. తెలుగువారి భోజనంలో అన్నం నడిమిది, పప్పు, కూర, గుడ్డు, పెరుగు దాని చుట్టూ చేరేవి. శస్త్రచికిత్స తరువాత ఈ వరుస తలకిందులవుతుంది. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది, జుట్టు రాలడం ఎక్కువవుతుంది. ఒక కోడిగుడ్డులో ఉండేవి దాదాపు ఆరు గ్రాములు. నూరు గ్రాముల కందిపప్పులో 21 గ్రాములకు పైగా ఉన్నా, అది ఉడికి నీరు పీల్చుకొని గిన్నె నిండా పొంగేసరికి కొత్త కడుపులో పట్టేది అందులో కొద్ది భాగమే. పప్పుచారు పలుచన చేసి అన్నం మీద పోసుకునే అలవాటు ఇక్కడ రోగికి ఎదురు తిరుగుతుంది. ముందు గట్టిపప్పు, గుడ్డు, చేప, పెరుగు, పనీరు వంటివి, తరువాత కూర, కడుపులో చోటు మిగిలితే రెండు ముద్దల అన్నం అన్నది కొత్త వరుస.

ముద్ద అన్న మాటలోనే మరొక చిక్కు ఉంది. కలిపిన పప్పన్నాన్ని తెలుగువారు నమలడం తక్కువ, మింగడం ఎక్కువ. సన్నని గొట్టంగా మారిన జీర్ణాశయంలో ఆ ముద్ద అడ్డుపడి గుండె మీద బరువు పెట్టినట్టు నొప్పి, చివరకు వాంతి తెస్తుంది. ప్రతి కబళాన్నీ ఇరవై ముప్పై సార్లు నమలాలన్న నియమం అందుకే వచ్చింది. జొన్నరొట్టె ఈ విషయంలో మంచి గురువు, నమలనిదే గొంతు దిగదు. తొలి నెలల్లో మెత్తని చపాతీ, ముద్దైన అన్నం పడనివారిలో పలువురికి, మామూలు ఆహారం మొదలయ్యాక కరకరలాడే సన్నని రొట్టె ఇబ్బంది పెట్టదు.

నీటి సంగతి రాయచూరులో మరింత జాగ్రత్తగా చూడవలసింది, ఎందుకంటే వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ఊళ్ళలో చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగి సేదదీరడం అలవాటు. చిన్నదైన కడుపు దానిని భరించలేదు. భోజనంతోపాటు నీళ్ళు తాగితే ఆహారం త్వరగా జారిపోవడమో, కడుపు ఉబ్బి వాంతి కావడమో జరుగుతుంది గనుక తిన్న అరగంట దాకా ఆగి, ఆపైన రోజంతా గుటక గుటకగా ఒకటిన్నర లీటరుకు తగ్గకుండా తాగాలి. ఆపరేషను అయిన కొద్ది వారాల్లో రోగులు తిరిగి ఆసుపత్రిలో చేరడానికి తరచుగా కనబడే కారణాల్లో ఒంట్లో నీరు తగ్గడం ఒకటి.

కొన్ని పదార్థాలు కొత్త కడుపును మోసగిస్తాయి. బొరుగులతో చేసే ఉగ్గాణి, దాని పక్కన మిరపకాయ బజ్జి ఈ ప్రాంతపు ఇష్టమైన ఉదయపు ఫలహారం. బొరుగులు, చిప్స్, మిక్చర్ వంటివి నోట్లోనే కరిగి సులువుగా జారిపోతాయి కాబట్టి కడుపు నిండిన భావన రాదు, గంట గంటకూ కొద్దికొద్దిగా తింటూనే ఉండవచ్చు. రెండేళ్ళ తరువాత కొందరిలో బరువు తిరిగి పెరగడానికి విందుభోజనం కన్నా ఈ చిరుతిండే పెద్ద కారణం. తీపి వేరే విధంగా శిక్షిస్తుంది. బైపాస్ అయినవారు హోళిగె (బొబ్బట్టు) వంటి చక్కెర పదార్థం తింటే అది ఒక్కసారిగా పేగులోకి జారి, ఒంట్లోని నీటిని అటు లాగి, పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండెదడ, చెమట, కడుపునొప్పి, విరేచనాలు కలిగిస్తుంది. దీన్నే డంపింగ్ అంటారు. స్లీవ్ పద్ధతిలో ఇది తక్కువ.

విటమిన్ల కథ ఇంకా లోతైనది. బి12ను పేగు గ్రహించడానికి కావలసిన పదార్థం జీర్ణాశయంలోనే పుడుతుంది, ఇనుము ఎక్కువగా చిన్నపేగు మొదటి భాగంలో ఒంటబడుతుంది. ఆ పదార్థం తగ్గినా, ఆహారం పేగులోని ఆ భాగాన్ని దాటిపోయినా రక్తహీనత రావచ్చు. అందువల్ల మాత్రలు జీవితాంతం వేసుకోవలసినవే, ఇనుము, కాల్షియం మాత్రల మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండవలసిందే, తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానవలసిందే. అన్నింటికన్నా తొందరగా కరవయ్యేది బి1, అంటే థయామిన్. శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు, వాంతులు ఆగకపోతే నడక తూలడం, చూపు చెదరడం, మతి తప్పడం దాకా పోతుంది. భారతీయ ఆహార పదార్థాల పోషక విలువలను లెక్కగట్టే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, 1918లో కూనూరులో వైద్యుడు మెకారిసన్ నడిపిన బెరిబెరి పరిశోధన విభాగంగానే పుట్టింది. బెరిబెరి అంటే ఈ థయామిన్ లోపమే, పాలిష్ బియ్యం తినేవారి జబ్బు. మరచిపోయామనుకున్న ఆ పాత వ్యాధి అత్యాధునిక శస్త్రచికిత్స వెనుక దారిన మళ్ళీ రావడం వైద్యచరిత్రలోని వింతల్లో ఒకటి.

పెద్ద వైద్యానికి హైదరాబాదుకో బెంగళూరుకో పోయివచ్చే రాయచూరు రోగికి ఆపరేషను చేసిన వైద్యుడు దూరంగా ఉంటాడు, మరో ముద్ద తినమని బతిమాలే బంధువు పక్కనే ఉంటాడు. పెళ్ళి పంక్తిలో విస్తరిలో వడ్డించినది వదిలేయడం మర్యాద తప్పినట్టుగా భావించే చోట, రెండు చెంచాల పప్పు, ఒక గుడ్డుతో లేచిపోయే మనిషికి జబ్బు చేసిందేమోనని ఆరా తీస్తారు. ఏడాదిన్నర గడిచేసరికి ఆకలి మెల్లగా తిరిగి వస్తుంది, కంచంలో అన్నం కూడా నడిమికి జరగడం మొదలుపెడుతుంది; అంచుకు నెట్టిన చెయ్యి రోగిదే అయినా, గరిట మాత్రం చాలా ఇళ్ళలో ఇంకొకరి చేతిలో ఉంటుంది.