ఒక గది, రెండు నిప్పురవ్వలు

రోటరీ ఇంజన్‌లో పిస్టన్ ఉండదు. నడుము దగ్గర కాస్త నొక్కుకుపోయినట్టుండే హౌసింగ్‌లో ముక్కోణపు రోటర్ తిరుగుతూ ఉంటుంది. రోటర్ మూడు ముఖాలకూ, హౌసింగ్ గోడకూ మధ్య ఏర్పడే మూడు గదులు ఆ తిరుగుడులోనే పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం వాటిలో చేరి, నొక్కుకుపోయి, మండి బయటికి పోతుంది. రోటర్ ఒక చుట్టు తిరిగేసరికి ఎక్సెంట్రిక్ షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. అంటే షాఫ్ట్ చుట్టు తిరిగినప్పుడల్లా ప్రతి రోటర్‌కూ ఒక మంట. ఆ మంట ఏ క్షణంలో పుట్టాలో నిర్ణయించేదే ఇగ్నిషన్ టైమింగ్.

జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనకు ఎన్ఎస్‌యూ కంపెనీ రూపమిచ్చింది. తొలి నమూనా 1957 ఫిబ్రవరిలో నడిచింది. అందులో హౌసింగ్ కూడా తిరిగేది. ప్లగ్గులు మార్చాలంటే ఇంజన్ విప్పాల్సిందే. అదే కంపెనీలో హాన్స్ డీటర్ పాష్కె హౌసింగ్‌ను కదలకుండా నిలిపాక ప్లగ్గులు చేతికందే చోటికి వచ్చాయి. జపాన్‌లో కెనిచి యమమోతో బృందం ఈ ఇంజన్‌ను మెరుగుపరిచింది. 1967లో వచ్చిన మాజ్దా కాస్మో స్పోర్ట్‌లో రెండు రోటర్లు, రోటర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్గులు.

రెండు ప్లగ్గులు ఎందుకంటే, మంట పుట్టే గది పొడుగ్గా, పలుచగా ఉంటుంది. బాగా కుదించుకుపోయిన క్షణంలో హౌసింగ్ నడుము దాన్ని రెండు భాగాలుగా చీల్చినంత పని చేస్తుంది. మిశ్రమం రోటర్ తిరిగే వైపుకే దూసుకెళ్తుంది కనుక మంట ముందుకు తేలిగ్గా పాకుతుంది, ఎదురీది వెనక్కి రాలేదు. అందుకే కింద లీడింగ్ ప్లగ్గు, పైన ట్రెయిలింగ్ ప్లగ్గు. పని ఎక్కువగా చేసేది లీడింగే. మిగిలిపోయిన మిశ్రమాన్ని ట్రెయిలింగ్ కాలుస్తుంది. ట్రెయిలింగ్ ప్లగ్గు రంధ్రం బాగా చిన్నది. రోటర్ అంచునుండే అపెక్స్ సీల్ దాన్ని దాటేటప్పుడు అటూఇటూ ఉన్న గదుల మధ్య పీడనంలో తేడా ఎక్కువ. రంధ్రం పెద్దదైతే ఒక గదిలోని వాయువు పక్క గదిలోకి కారిపోతుంది.

కాబట్టి ఇక్కడ టైమింగ్ ఒకటి కాదు, రెండు. 1980ల తొలినాళ్ల మాజ్దా ఆర్ఎక్స్-7 కారులోని 12ఏ ఇంజన్‌నే తీసుకుంటే, ముందు పుల్లీ మీద పసుపు గుర్తొకటి, ఎర్ర గుర్తొకటి ఉంటాయి. కవరు మీద చిన్న సూచిక ఉంటుంది. పసుపు గుర్తు గది అతి చిన్నదయ్యే స్థానాన్ని, అంటే సున్నా డిగ్రీని చూపుతుంది. ఎర్రది దాని తర్వాత 20 డిగ్రీలను. ఇంజన్ వేడెక్కి ఐడిల్‌లో నిలకడగా నడుస్తుండగా టైమింగ్ లైటును ముందు రోటర్ లీడింగ్ వైరుకు తగిలిస్తారు. స్పార్క్ పడినప్పుడల్లా లైటు వెలగడంతో, తిరిగే పుల్లీ మీది గుర్తు ఆగినట్టు కనిపిస్తుంది. పసుపు గుర్తు సూచికకు ఎదురుగా లేకపోతే ప్లగ్గులకు స్పార్క్‌ను పంచే డిస్ట్రిబ్యూటర్ నట్టు వదులుచేసి, దాన్ని కొద్దిగా తిప్పి, మళ్లీ బిగిస్తారు. తర్వాత లైటును ట్రెయిలింగ్ వైరుకు మార్చి ఎర్ర గుర్తు చూస్తారు. అది తప్పితే డిస్ట్రిబ్యూటర్‌ను కదపరు. దాని పక్కనున్న వాక్యూమ్ యూనిట్ స్క్రూలు వదులుచేసి లోపలికో బయటికో జరుపుతారు. లీడింగ్ ముందు, ట్రెయిలింగ్ తర్వాత అనే క్రమం తప్పకూడదు. డిస్ట్రిబ్యూటర్ తిప్పితే రెండు టైమింగ్‌లూ కలిసే జరుగుతాయి.

స్పార్క్ ఆలస్యమైతే శక్తి తగ్గి, ఎగ్జాస్ట్ అతిగా వేడెక్కుతుంది. తొందరపడితే మరీ ప్రమాదం: నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) వచ్చి అపెక్స్ సీల్ విరగొచ్చు. సీల్ పోతే కంప్రెషన్ పోతుంది, ఇంజన్ విప్పక తప్పదు.

1986 మోడల్ ఆర్ఎక్స్-7లో డిస్ట్రిబ్యూటర్ స్థానంలోకి క్రాంక్ యాంగిల్ సెన్సర్ వచ్చింది. వేగం, లోడును బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే పని కంప్యూటర్‌దైంది. ఐడిల్‌లో లీడింగ్‌కు సున్నా తర్వాత 5 డిగ్రీలు, ట్రెయిలింగ్‌కు 20. 1991లో లె మాన్స్ రేసు గెలిచిన మాజ్దా 787బీలో రోటర్‌కు మూడేసి ప్లగ్గులు పెట్టారు. 2003లో ఆర్ఎక్స్-8 వచ్చేసరికి ప్లగ్గుకో కాయిల్; టైమింగ్ పూర్తిగా కంప్యూటర్ చేతిలోనే ఉంది, తిప్పి సరిచేయడానికి డిస్ట్రిబ్యూటరే లేదు.