వార్తల్లో పదం: తండ్రి కోటా

బిడ్డ పుట్టినప్పుడు తల్లిదండ్రులకు వచ్చే వేతన సెలవులో కొంత భాగాన్ని తండ్రికే కేటాయించడాన్ని ‘తండ్రి కోటా’ అంటారు. ఆయన వాడుకోకపోతే ఆ వారాలు మామూలుగా తల్లికి బదిలీ కావు, రద్దవుతాయి. పితృత్వ సెలవుల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ ఈ పదం వార్తల్లో కనిపిస్తోంది.

నార్వే 1993లో నాలుగు వారాలతో దీన్ని మొదలుపెట్టింది. అంతకుముందూ అక్కడి తండ్రులు సెలవు పంచుకోవచ్చు. అయినా తీసుకున్నవారు బహు తక్కువ. భర్త జీతం ఎక్కువైతే ఉద్యోగం పక్కనపెట్టేది భార్యే. దాంతో ఆమె ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు, చివరికి పింఛనూ వెనకబడతాయి. రెండో బిడ్డ నాటికి జీతాల మధ్య తేడా మరింత పెరుగుతుంది, మళ్లీ ఆమే ఆగుతుంది. ఈ చక్రాన్ని ఆపడమే కోటా ఉద్దేశం. ఇప్పుడు అక్కడ పూర్తి వేతనం ఎంచుకుంటే తల్లికి 15, తండ్రికి 15 వారాలు. మరో 16 వారాలు ఇద్దరూ పంచుకోవచ్చు. అసలు కీలకం డబ్బు ఎవరిస్తారన్నది. నార్వేలో ఒక పరిమితి దాకా జాతీయ బీమా చెల్లిస్తుంది కాబట్టి యజమానిపై ఆ మేరకు భారం పడదు.

సెలవు ఎలా పంచుకోవాలో కుటుంబమే తేల్చుకోవాలని విమర్శకుల వాదన. కోటా లేకపోతే పాత అలవాటే సాగుతుందని సమర్థకులంటారు.

మన దేశంలో చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు తల్లికి 26 వారాలిస్తుంది. ఈఎస్ఐ వర్తించని చోట ఆ జీతం యజమానే భరించాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి మాత్రం కంపెనీ ఎంతిస్తే అంతే.