సంఘ రిజిస్టర్లలోని తేదీలు: కంప్యూటరు పట్టికలో అక్షరాలను తేదీలుగా మార్చుట

పల్నాటి నుండి ఒంగోలు దాకా పత్తి, మిరప పండే నల్లరేగడి నేలలో నూరేళ్లు దాటిన సంఘాలు అనేకం ఉన్నాయి. 1842 జూలై 31న జె.సి.ఎఫ్. హయ్యర్ గారు గుంటూరు చేరారు. 1867 జనవరి 1న ఒంగోలు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. ఆ కాలం నుండి బాప్తిస్మాలు, వివాహాలు, భూస్థాపనలు పుస్తకాలకు ఎక్కుతూ వచ్చాయి. ఆ పుస్తకాలలో కొన్ని చెదల పాలయ్యాయి, కొన్ని తడిసి అట్టలు ఊడిపోయాయి. మిగిలినవాటిని కంప్యూటరులోకి ఎక్కించే పనికి వేదాంత విద్యార్థులు, యువ కాపరులు పూనుకోవడం సంతోషించదగిన విషయం. అయితే ఆ పనిలో మాకు పదే పదే ఎదురైన ఒక చిక్కును గూర్చి ఈ వ్యాసంలో వివరించదలచాము. అది తేదీల చిక్కు. వినడానికి గుమాస్తా పని వలె తోచవచ్చును గాని, దానిలో పొరపాటు జరిగితే సంఘ చరిత్రే తారుమారు కాగలదు.

కంప్యూటరు తేదీని ఎట్లు గ్రహించును?

రిజిస్టరులో 27-9-1947 అని ఉన్నదనుకొందాం. మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన దినమది. మనం చూడగానే అది తేదీ అని గ్రహిస్తాము. ఎక్సెల్ దానిని రెండు విధాలుగా గ్రహించవచ్చును. ఊరి పేరును గ్రహించినట్లే వట్టి అక్షరాల వరుసగా గ్రహించడం ఒకటి. సంఖ్యగా గ్రహించడం రెండవది. ఎక్సెల్ లెక్కలో ప్రతి తేదీ ఒక సంఖ్యే. 1900 జనవరి 1కి సంఖ్య 1. ఆ లెక్కన స్వాతంత్ర్య దినమైన 1947 ఆగస్టు 15కి 17394, సెప్టెంబరు 27కి 17437. ఒకదానిలో నుండి మరొకటి తీసివేస్తే 43 రోజులు. మనకు కనబడే రోజు, నెల, సంవత్సరం ఆ సంఖ్యకు తొడిగిన చొక్కా మాత్రమే.

గడిలో ఉన్నది అక్షరాలైతే ఈ తీసివేత సాగకపోవచ్చును. వరుసలో పేర్చమంటే 1-12-1950 ముందుకు, 2-1-1931 వెనుకకు పోతాయి, ఎందుకంటే కంప్యూటరు మొదటి అక్షరాన్ని బట్టి పేర్చుతుంది. వీటిని గుర్తుపట్టడం సులువు. మనం గడి అమరికను మార్చకుంటే అక్షరాలు ఎడమ అంచుకు, నిజమైన తేదీలు కుడి అంచుకు చేరి ఉంటాయి.

తేదీ అక్షరాలుగా మిగిలిపోవడానికి కారణాలు చాలావరకు చిన్నవే. పాత పద్ధతిలో రోజుకు, నెలకు మధ్య చుక్క పెట్టడం, చివర ఖాళీ స్థలం మిగలడం, సున్నాకు బదులు ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టడం వంటివి. కొందరు మూలంలో ఉన్నట్టే తెలుగు అంకెలు కొడతారు. అది భక్తితో చేసిన పనే గాని లెక్కకు పనికిరాదు. అను స్క్రిప్ట్ వంటి పాత ఫాంట్లలో కొట్టిన నెల పేరు కంటికి తెలుగుగా కనబడినా లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులే. ఫాంటు మార్చగానే జూలై కాస్తా గజిబిజి అవుతుంది.

వెల్లంపల్లి తేదీలు

ఇక్కడ మన ప్రాంతపు చరిత్రలో నుండే ఒక ఉదాహరణ తీసుకొందాం. 1878లో ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద జరిగిన బాప్తిస్మాలు మన పాఠకులకు తెలిసినవే. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినాలలో మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. ఈ మూడు తేదీలను 2-7-78, 3-7-78, 4-7-78 అని కొట్టి చూడండి.

మొదటి నష్టం సంవత్సరానికి. రెండంకెల సంవత్సరం కనబడితే ఎక్సెల్ సాధారణంగా 00 నుండి 29 వరకు రెండువేలలో, 30 నుండి 99 వరకు పంతొమ్మిది వందలలో వేస్తుంది. కాబట్టి 78 అనేది 1978 అవుతుంది. అప్పటికి కూడా అవే ఊళ్లు, అవే ఇంటిపేర్లు ఉన్నాయి గనుక చదివేవారికి అనుమానం రాదు.

రెండవ నష్టం నెలకు. మనం రోజు ముందు, నెల తరువాత వ్రాస్తాము. అమెరికావారు నెల ముందు వ్రాస్తారు. కంప్యూటరు అమెరికా పద్ధతికి అమర్చి ఉంటే జూలై 2, 3, 4 తేదీలు ఫిబ్రవరి 7, మార్చి 7, ఏప్రిల్ 7 అవుతాయి. మూడు దినాల పాటు నది ఒడ్డున కూడిన ఒకే జనసమూహం మూడు నెలలకు చెదిరిపోతుంది. దానిని చూసిన విద్యార్థి, ఆ రోజుల్లో ప్రతి నెలా 7వ తేదీన బాప్తిస్మాలు ఇచ్చేవారని తన పరిశోధనలో వ్రాసినా ఆశ్చర్యం లేదు.

ఇంతకంటె పెద్ద ప్రమాదం ఇంకొకటి. 1876-78 మహా కరువులో క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపి ఉంచి, 1878 జూన్‌లో తిరిగి ప్రారంభించారు. ఆ విమర్శకు సమాధానం చెప్పేవారు ఈ వరుస క్రమం మీదనే ఆధారపడతారు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ అని పట్టిక చూపితే బాప్తిస్మాలు ఆగి ఉన్న నెలల్లోనే అవి జరిగినట్లవుతుంది. ఏ పక్షం వాదించేవారైనా సరే, గడిలోని పొరపాటు మీద వాదం కట్టినవారవుతారు.

ఈ తలక్రిందుల విషయంలో ఒక లెక్క గమనించదగినది. ఏడాదిలోని 365 తేదీలలో రోజు 12 లోపు ఉన్నవి 144. వాటిలో 1-1, 2-2 వంటి 12 తేదీలు ఎటు చదివినా ఒకటే. మిగిలిన 132 తేదీలు చప్పుడు లేకుండా తారుమారవుతాయి. 13వ తేదీ, ఆ తరువాతివి 221. పదమూడవ నెల లేదు గనుక కంప్యూటరు వాటిని చదవలేక అక్షరాలుగానే వదిలేస్తుంది. మనవారు ఎడమ అంచున మిగిలిన ఆ 221ని చూసి, ఇవి చెడిపోయాయని దిద్దుతారు, కుడి అంచుకు చేరినవాటిని బాగున్నవని వదిలేస్తారు. నిజానికి చెడిపోయినవి కుడి అంచున ఉన్నవే. మేమును మొదట ఇదే తప్పు చేశాము.

మార్చే పద్ధతి

రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు ఒక నిలువు వరుసలో కొట్టాలి. కొట్టకముందే ఆ వరుసను టెక్స్ట్‌గా అమర్చుకోవాలి. ఈ వరుసను ఇక ఎన్నటికీ దిద్దరాదు. చేసేదంతా ప్రక్క వరుసలలో చేయాలి.

చుక్కలను అడ్డగీతలుగా మార్చితే చాలునని కొందరు ఫైండ్, రీప్లేస్ వాడుతారు. అది తొందరపాటు. గీత పడిన క్షణమే ఎక్సెల్ తన అమరిక ప్రకారం చదివి తేదీ చేసివేయవచ్చును, పైన చెప్పిన తలక్రిందులు అప్పుడే జరిగిపోతుంది. దానికి బదులు మూల వరుసకు ఒక నకలు తీసి, డేటా మెనూలోని టెక్స్ట్ టు కాలమ్స్‌తో రోజు, నెల, సంవత్సరం అని మూడు వరుసలుగా చీల్చుకోవడం మేలు. చీలిన తరువాత 13, 14 వంటి అంకె నెల వరుసలో కనబడితే మూలాన్ని తెరిచి చూడవచ్చును. రెండంకెల సంవత్సరానికి శతాబ్దం చేర్చే పని మాత్రం కంప్యూటరుకు అప్పగించరాదు. రిజిస్టరు అట్ట మీది సంవత్సరం, ముందు వెనుక పేజీలు, బాప్తిస్మమిచ్చిన కాపరి పేరు చూసి మనమే చేర్చాలి.

ఆ తరువాత డేట్ అనే ఫార్ములాకు సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో మూడు గడులను చూపితే నిజమైన తేదీ వస్తుంది. 1900 తరువాతి రిజిస్టర్లకు ఇంతే. అంతకు ముందువాటికి ఎక్సెల్‌లో స్థలమే లేదు. 1878, 7, 3 అని ఇస్తే అది 1878ని 1900కు కూడి 3778 జూలై 3 అని చూపుతుంది! (ఇంకొక వింత: 1900 ఫిబ్రవరిలో లేని 29వ తేదీ ఎక్సెల్‌లో ఉన్నది. లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రాముతో లెక్క కలవడానికి ఆ తప్పును తెలిసే ఉంచారు. కాబట్టి 1900లో మొదటి రెండు నెలల వారాలను ఎక్సెల్ చెబితే నమ్మరాదు.)

మన సంఘాల మొదటి తరమంతా 1900కు ముందే గనుక ఈ లోటు మనకు చిన్నది కాదు. దీనికి మార్గాలున్నాయి. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీసు కాల్క్ 1899 డిసెంబరు 30ని సున్నాగా పెట్టుకొని వెనుకకు కూడా లెక్కిస్తుంది. అందులో 1878 జూలై 3కి సంఖ్య మైనస్ 7850. ఎక్సెల్ తప్ప వేరొకటి లేనివారు సంవత్సరానికి 400 కలిపి 2278గా లెక్కించుకోవచ్చును. 400 సంవత్సరాలకు 1,46,097 రోజులు, అంటే సరిగ్గా 20,871 వారాలు. అందుచేత రోజుల తేడాలు, వారాలు చెడవు. ఎటు లెక్కించినా 1878 జూలై 3 బుధవారమే. వరుసలో పేర్చుకుంటే చాలుననేవారు 1878-07-03 అని సంవత్సరం ముందు వచ్చేటట్లు కొట్టుకొంటే, అక్షరాలుగా ఉన్నా సరిగానే పేర్చబడతాయి. మాకు ఇది అన్నిటికంటె నిబ్బరమైన మార్గంగా తోచింది.

మార్చిన తరువాత పరీక్షించడానికి మేము వాడే ఉపాయం ఒకటున్నది. ప్రక్క వరుసలో తేదీలకు వారాలు రాబట్టండి. సంఘాలలో బాప్తిస్మాలు ఎక్కువగా ఆదివారాలలో జరుగుతాయి. ఆదివారాలు పలచబడి ఏడు వారాలూ ఇంచుమించు సమంగా వస్తే, రోజు నెల తలక్రిందులైనవని అనుమానించాలి. వెల్లంపల్లి వంటి సమూహ బాప్తిస్మాలకు, ప్రత్యేక కూటాలకు ఈ పరీక్ష చెల్లదు.

మార్చకూడనివి

అన్నిటినీ తేదీలుగా మార్చాలన్న పట్టుదల మంచిది కాదు. 1931 ఈస్టరు ఆదివారం అని ఉంటే అది ఏప్రిల్ 5 అని నిశ్చయంగా చెప్పవచ్చును. బహుధాన్య సంవత్సరం అని మాత్రమే ఉంటే అది 1878-79 కావచ్చు, 1938-39 కావచ్చు, 1998-99 కూడా కావచ్చు. సంఘ భూముల కాగితాలలో కనబడే ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1288 అంటే 1878 జూలై 1 నుండి మరుసటి జూన్ ఆఖరు వరకు. అది ఏడాది కాలమే గాని తేదీ కాదు.

ధాత కరువులో పుట్టినవాడు, మిరప కోతలప్పుడు పోయినది, పత్తి తీతలైన తరువాత పెండ్లి అనే మాటలున్న చోట కొందరు విద్యార్థులు జనవరి 1 అని వేసి గడి నింపుతారు. ఇది పరిశోధనకు ద్రోహం. ఒక్క తేదీకి బదులు ముందు హద్దు, వెనుక హద్దు అని రెండు వరుసలు పెట్టి, తెలిసినంత మట్టుకే నింపాలి. ఆ హద్దులు నిర్ణయించేటప్పుడును జాగ్రత్త అవసరం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత పంటల తీరు మారింది. 1930ల నాటి మిరప కోతలను నేటి కోతల నెలలతో కొలవరాదు.

సేవలో ఉన్న కాపరులకు ఈ సంగతి పరిశోధన కంటె దగ్గరగా తగులుతుంది. పుట్టిన తేదీకి వేరే ఆధారం లేని వృద్ధులు బాప్తిస్మపు నకలు కోసం సంఘానికి వస్తారు. చెర నుండి తిరిగి వచ్చిన యాజక కుటుంబాలలో కొందరి పేర్లు వంశావళి గ్రంథంలో దొరకనందున వారిని యాజకత్వం నుండి వేరుపరచిన సంగతి ఎజ్రా రెండవ అధ్యాయంలో చదువుతాము. మన వద్దకు వచ్చే ముసలమ్మకు పేరు దొరుకుతుంది గాని తేదీ మారిపోయి ఉంటుంది. లూథరన్ సంఘాలలో శిశు బాప్తిస్మం ఉన్నందున పుట్టిన తేదీ, బాప్తిస్మపు తేదీ ప్రక్క ప్రక్కనే ఉండి ఒకదానిని మరొకటి సరిచూస్తాయి. బాప్టిస్టు సంఘాలలో పెద్దవారైన తరువాత ఇచ్చే బాప్తిస్మం వలన వయస్సు తెలియదు. ఏది ఎట్లున్నా నకలు మీద సంతకం చేసేముందు పట్టికను గాక పుస్తకాన్ని తెరిచి చూడవలెనని మా మనవి.

చివరగా ఒక హెచ్చరిక. పని పూర్తయిన ఫైలును సీఎస్వీ రూపంలో ఇతరులకు పంపితే, వారు దానిని నెట్ సెంటరులో నేరుగా తెరిచినప్పుడు ఆ కంప్యూటరు అమరిక ప్రకారం మార్పులన్నీ మళ్లీ మొదటి నుండి జరుగుతాయి. దానిని డేటా మెనూ నుండి రప్పించుకొని, తేదీల వరుసలను టెక్స్ట్ అని చెప్పి తెరవవలెను. ఆ మాటను ఫైలుతో పాటు ఒక చీటీలో వ్రాసి పంపండి. మూల పుస్తకం ఏ సంఘపు బీరువాలో, ఏ అరలో ఉన్నదో కూడా ఆ చీటీలోనే వ్రాయండి.