ఇంటర్ తర్వాత ఇంజనీరింగా, డిగ్రీనా?



"ఎంపీసీ తీసుకుంటే ఇంజనీరింగ్. సీటు రాకపోతే డిగ్రీ." చాలా ఇళ్లలో లెక్క ఇంతే. రఘునాథపల్లిలో రైలెక్కితే కాజీపేట వైపూ, సికింద్రాబాద్ వైపూ రెండు రకాల కాలేజీలూ ఉన్నాయి. మరి మన పిల్లలకు ఏది నప్పుతుంది?

తేడా ఏమిటి?

బీటెక్ 4 ఏళ్లు. సైన్సును ఉపయోగించి పనికొచ్చే వస్తువులు, వ్యవస్థలు తయారుచేయడం నేర్పుతుంది. బీఎస్సీ 3 ఏళ్లు. సైన్సునే లోతుగా చదివిస్తుంది. బోరు మోటారును చూసి "తక్కువ కరెంటుతో నడపలేమా?" అని అడిగే పిల్లలకు మొదటిది, "అసలు మోటారు ఎందుకు తిరుగుతుంది?" అని అడిగే పిల్లలకు రెండోది నచ్చే అవకాశం ఎక్కువ.

డిగ్రీలో చేరితే దారులు మూసుకుపోతాయా?

మూసుకుపోవు. బీఎస్సీ తర్వాత జామ్ పరీక్ష రాసి ఐఐటీల్లో, మన వరంగల్ నిట్‌లో ఎమ్మెస్సీ చేయవచ్చు. గణితంతో బీఎస్సీ చదివినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. బీఈడీ ఉంది. సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. అయితే బీఎస్సీతోనే ఆగిపోతే మంచి ఉద్యోగం దొరకడం కష్టం. పీజీతో కలిపి 5 ఏళ్ల చదువుగా లెక్క వేసుకోండి. అలాగే ఇష్టం లేని బ్రాంచిలో చేరి బ్యాక్‌లాగ్‌లు మిగిలితే బీటెక్ కూడా అక్కరకు రాదు.

తెలుగువారే ఇద్దరిని చూడండి. రాజ్ రెడ్డి గిండి కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, కృత్రిమ మేధలో కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 2023లో స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి పొందారు.

ఏ సీటుకు ఏ పరీక్ష?

• ఇంజనీరింగ్: ఈఏపీసెట్, జేఈఈ మెయిన్
• రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీలు: ఇంటర్ మార్కులతో 'దోస్త్' ద్వారా
• హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 5 ఏళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ: సీయూఈటీ
• తిరుపతి ఐసర్‌లో 5 ఏళ్ల బీఎస్-ఎంఎస్: ఐఏటీ

చివరి రెండింటి విషయంలోనే చాలామంది నష్టపోతున్నారు. ఇంటర్ ఫలితాలు వచ్చాక చూద్దాంలే అనుకుంటే దరఖాస్తు గడువు దాటిపోవచ్చు. ఇంటర్ రెండో సంవత్సరం జనవరి నుంచే ఆ వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి.

నిర్ణయానికి ముందు

1. ఏ సబ్జెక్టును ఎవరూ చెప్పకుండానే చదువుతున్నారో గమనించండి.
2. కాలేజీకి స్వయంగా వెళ్లి ల్యాబ్‌లు, అధ్యాపకుల సంఖ్య చూడండి. అక్కడి సీనియర్లతో మాట్లాడండి.
3. అప్పు చేసి మేనేజ్‌మెంట్ సీటు తీసుకునే ముందు, ఆ డబ్బుతో బీఎస్సీ, ఎమ్మెస్సీ రెండూ పూర్తవుతాయేమో లెక్క వేయండి.

ఇంకా సందేహాలుంటే ఈ నెల తల్లిదండ్రుల సమావేశానికి మీ అబ్బాయిని లేదా అమ్మాయిని వెంటబెట్టుకుని రండి. ముందుగా వాళ్ల మాట విందాం.