లేసు సూదీ.. జాయ్‌స్టిక్కూ..

షరఫియా అనగానే మన మగవాళ్లకు గుర్తొచ్చేది శుక్రవారం. కార్గో ఆఫీసులు, మలయాళీ హోటళ్లు, మొబైల్ షాపులు, హారన్ కొట్టుకుంటూ పోయే లిమోజిన్లు, ఊరివాడు ఎవడైనా కనిపిస్తాడేమోనని ఫుట్‌పాత్ మీద నిలబడే జనం. ఇదంతా కింద కనిపించే షరఫియా. ఆ షాపుల పైన, మూడో అంతస్తులోనూ నాలుగో అంతస్తులోనూ ఇంకో షరఫియా ఉంది. అక్కడ తలుపు గడియ వేసుకుని, మొగుడు డ్యూటీ నుంచి, పిల్లలు స్కూలు నుంచి వచ్చేదాకా ఏసీ చప్పుడు వింటూ కూర్చునే ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లు పగలంతా ఏం చేస్తారని అడిగితే "ఏముంది, ఖాళీయేగా" అంటారు. ఆ ఖాళీ గురించే ఈ నాలుగు ముక్కలు.

నేనూ ఆ ఖాళీలో నాలుగేళ్లు ఉన్నదాన్నే. 2013లో డిపెండెంట్ వీసా మీద జెద్దా వచ్చాను. ఇప్పుడు ఓ పాలీక్లినిక్‌లో ఫైళ్లూ, ఇన్సూరెన్సు కాగితాలూ చూసే క్లర్కును. పొద్దున 9 నుంచి 1 దాకా, మళ్లీ సాయంత్రం 5 నుంచి 10 దాకా డ్యూటీ. మధ్యలో మిగిలే నాలుగు గంటల్లో వంటా, బట్టలూ పోగా గంటో గంటన్నరో నాది. ఆ కాస్త టైముకు నాకు రెండు పిచ్చులు. ఒకటి అల్లికలు, రెండోది వీడియో గేములు. మొదటిది చెబితే "అబ్బ, ఎంత ఓపికో నీకు" అంటారు. రెండోది చెబితే "ఈ వయసులోనా?" అంటారు. మొహం మీద అనకపోయినా మా అత్తగారితో ఫోన్లో అంటారు.

తీరిక వేళల పని

మాది పాలకొల్లు దగ్గర పల్లె. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల మా అమ్మ తరంలో లేసు సూది పట్టని ఆడమనిషి అరుదు. 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన క్రోషా పని అది. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లినదానికి లెక్కకట్టి డబ్బులిస్తాడు, సరుకు విదేశాలకు పోతుంది. నర్సాపురం లేసుకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1970ల చివర్లో మా వైపు ఊళ్లలో తిరిగి ఈ ఆడవాళ్ల మీద ఒక పుస్తకం రాశారు. 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పేరుతో 1982లో వచ్చింది. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ: ఈ ఆడవాళ్లు గంటల తరబడి అల్లుతున్నా వాళ్లను పనివాళ్లుగా ఎవరూ లెక్కెయ్యరు. ఇంటి ఇల్లాళ్లు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారు అంటారు. అలా అనడం వల్లే కూలి అంత తక్కువ, లాభం అమ్మేవాళ్లకు అంత ఎక్కువ. మా అమ్మ లేసు డబ్బులతో నాకు ఇంటర్ ఫీజు కట్టింది. అయినా రేషన్ కార్డులో గృహిణే.

ఇక్కడికి ఖద్దామా వీసాల మీద వచ్చే మన ఆడవాళ్లలో గోదావరి జిల్లాల వాళ్లు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ల చేతులు ఈ పని మరిచిపోలేదు. రెండేళ్ల క్రితం మా క్లినిక్ కౌంటరు దగ్గర ఒకావిడ యజమానురాలి వెంట వచ్చి నిలబడింది. నేను రద్దీ లేనప్పుడు బల్ల కింద అల్లుకునే అంచును చూసి, తెలుగులో మెల్లగా "ఏ నంబరు సూదమ్మా?" అంది. చెప్పాను. "ఈ దారానికి ఇంకా సన్న సూది పడాలి. అందుకే గడి వదులుగా వస్తంది" అంది. నిజమే. ఆవిడది నర్సాపురం అవతల ఊరు. రాత్రి అందరూ పడుకున్నాక వంటగది పక్క గదిలో అల్లుతుందట. మేడం ఇంట్లో టేబుల్ గుడ్డలన్నీ ఆవిడవే. మేడం వాటిని చుట్టాలకు గర్వంగా చూపిస్తుందని చెప్పింది. "మరి డబ్బులిస్తుందా?" అని అడిగాను. ఆవిడ నవ్వి "తీరిక టైములో చేసేదానికి డబ్బులేంటమ్మా" అంది. మరియా మీస్ నలభై ఏళ్ల కిందట నర్సాపురంలో విన్న మాటే జెద్దాలో నా కౌంటరు ముందు నేను విన్నాను.

చుక్కలూ గడులూ

ఇక రెండో పిచ్చి. చిన్నప్పుడు పాలకొల్లులో వీడియో గేమ్ పార్లర్ ఉండేది. ఆడపిల్లలు అందులోకి వెళ్లేవాళ్లు కాదు. బోర్డేమీ పెట్టలేదు, అయినా వెళ్లేవాళ్లు కాదు. మా అన్నయ్యకు మాత్రం ఇంట్లో టీవీకి పెట్టుకునే గేమ్ ఉండేది. '9999 ఇన్ వన్' అని రాసిన కేసెట్, తీరా చూస్తే అందులో ఉండేవి పదో పదిహేనో ఆటలు. కాంట్రాను ఇద్దరు కలిసి ఆడొచ్చు కాబట్టి నాకు రెండో రిమోట్ దొరికేది. మొదటి రిమోట్ కోసం పెళ్లయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. మావారు హరాజ్‌లో పాత ప్లేస్టేషన్ ఒకటి బేరమాడి తెచ్చారు, తను ఫుట్‌బాల్ ఆడుకోవడానికి. ఆయన డ్యూటీకి వెళ్లాక అది నాదయ్యింది.

లేసుకూ గేముకూ సంబంధం ఏమిటంటారా? 1985లో వచ్చిన సూపర్ మారియో ఆటలో చిన్న మారియో బొమ్మ అడ్డంగా 16, నిలువుగా 16 చుక్కల చదరంలో సరిపోతుంది. ఒంటికి మూడే రంగులు. అప్పటి మెషీన్‌కు అంతకన్నా ఓపిక లేదు. ఆ కొద్ది చుక్కల్లో ముక్కు, మీసం, టోపీ అన్నీ తెలియాలి. సంక్రాంతికి ముందు చుక్కలు పెట్టి లెక్క తప్పకుండా కలిపే ఏ ఆడపిల్లకైనా ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. 14 కౌంట్ క్రాస్ స్టిచ్ గుడ్డ మీద చుక్కకు ఒక కుట్టు వేస్తే మారియో ఇంచీ కంటే కాస్త పెద్దగా వస్తాడు. లేసులో అయితే రంగులు ఉండవు. నిండు గడి, ఖాళీ గడి, అంతే. దాంతోనే నేను తలగడ గలీబుకు మారియో అంచు అల్లాను. మా అబ్బాయి క్లాసులో ఆరుగురు పిల్లల తల్లులు ఆ డిజైన్ కాగితం అడిగి తీసుకున్నారు.

ఈ దేశపు ఆడవాళ్లకూ ఈ విద్య కొత్తది కాదు. అసీర్ ప్రాంతంలో ఆడవాళ్లు ఇంటి లోపలి గోడల మీద గీతలూ, త్రికోణాలూ, చుక్కలతో రంగురంగుల ముగ్గుల్లాంటివి వేస్తారు. అల్ ఖత్ అల్ అసీరీ అంటారు. 2017లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. చుట్టుపక్కల ఆడవాళ్లనూ బంధువులనూ పిలిచి అందరూ కలిసి వేసుకుంటారు. అభా వైపు పనిచేసే మన తమ్ముళ్లు ఎప్పుడైనా ఆ ఇళ్లు చూసి ఉంటే ఫొటో తీసి ఇంటికి పంపండి, మీ అమ్మగారు ఒక్క నిమిషంలో లెక్క చెబుతారు.

మైకు ఆపేసి

ఆన్‌లైన్‌లో ఆడే ఆడవాళ్లకు అలవాటైన పని ఒకటుంది. మైకు ఆపేయడం. గొంతు ఆడగొంతని తెలిస్తే అవతలి కుర్రాళ్లు ఆట వదిలేసి వేరే మాటలు మొదలెడతారు. తెలుగువాళ్లూ అంతే, వేరేవాళ్లూ అంతే. నేను ఓ మగ పేరు పెట్టుకుని ఆరేళ్లుగా ఆడుతున్నాను. ఓసారి ఒకడు "అన్నా, ఏ క్యాంపులో ఉంటావ్?" అని అడిగాడు. షరఫియా అని టైపు చేశాను, అది అబద్ధం కాదుగా.

మైకు గొడవ లేకుండా ఆడవాళ్లే ఒకచోట కూడి ఆడుకునే ఏర్పాటు ఇక్కడి అమ్మాయిలు చాలా ముందే చేసుకున్నారు. 2012లో రియాద్‌లో జీకాన్ పేరుతో ఆడవాళ్లకు మాత్రమే గేముల సమావేశం మొదలైంది. అప్పటికి ఆడవాళ్లు కారు నడపడానికి అనుమతే లేదు, అది వచ్చింది 2018 జూన్‌లో. 2024లో రియాద్‌లో జరిగిన ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో మొబైల్ లెజెండ్స్ ఆడవాళ్ల పోటీని ఫిలిప్పీన్స్ జట్టు గెలిచింది. ఆ రోజు మా క్లినిక్‌లో ఫిలిప్పినో నర్సుల సందడి చూడాలి. డ్యూటీ రూములో ఫోను చుట్టూ మూగి, పేషెంటు పిలిస్తే ఒకరినొకరు తోసుకున్నారు. వాళ్లలో ఎవరూ "ఈ వయసులోనా" అనలేదు.

కాలం ఎలా మారిందో చూడండి. 2001లో పోకేమాన్ ఆటలూ కార్డులూ జూదంలాంటివని ఇక్కడ నిషేధించారు. 2025లో పోకేమాన్ గో ఆటను సౌదీ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ కిందనున్న కంపెనీయే కొన్నది, అది నడిపే నయాంటిక్ గేముల విభాగంతో కలిపి 350 కోట్ల డాలర్లకు. అదే 2025ను సాంస్కృతిక శాఖ హస్తకళల సంవత్సరంగా ప్రకటించింది. అంటే నా రెండు పిచ్చులూ ఇప్పుడు సర్కారు పథకాలే! ఈ మాట మావారితో అంటే "అయితే జీతం అడుగు" అన్నారు.

లెక్క చూస్తే

జీతం మాట వచ్చింది కాబట్టి అసలు లెక్క చెబుతాను. 2017 జూలైలో డిపెండెంట్ ఫీజు మొదలైంది. మనిషికి నెలకు 100 రియాళ్లు. ఏడాదికో వంద పెరుగుతూ 2020లో 400 అయింది. భార్యా, ఇద్దరు పిల్లలూ ఉన్న ఇంటికి 400 లెక్కన ఏడాదికి 14,400. అదీ ఇఖామా రెన్యువల్ నాడు ముందే కట్టాలి. మా బిల్డింగులో ఆ మూడేళ్లలో నాలుగు తెలుగు కుటుంబాలు ఖాళీ చేశాయి. మగవాళ్లు బ్యాచిలర్ రూములకు మారారు, ఆడవాళ్లూ పిల్లలూ ఫైనల్ ఎగ్జిట్‌లో వెళ్లారు.

వాళ్లలో మా ఎదురు ఫ్లాటు కడప అక్క ఉంది. క్యాండీ క్రష్ నాకు నేర్పిందే ఆవిడ, లేసు ఆవిడకు నేర్పింది నేను. 30 కేజీల లగేజీలో పిల్లల పుస్తకాలు పెట్టాలా, దారపు ఉండలు పెట్టాలా అని రాత్రంతా తూకం వేసింది. దారం నాకే వదిలి వెళ్లింది. 2020 లాక్‌డౌన్‌లో మేమిద్దరం లూడో కింగ్‌లో మళ్లీ కలిశాం. ఇక్కడ రాత్రి 9 అంటే అక్కడ పదకొండున్నర. పిల్లలు పడుకున్నాక ఆడేది. నెట్ సరిగ్గా లేక మాట వినిపించకపోయినా పావు కదిలితే చాలు, అక్క మెలకువగా ఉందని తెలిసేది. ఆ నెలల్లో వాళ్లాయన ఇక్కడ క్యాంపులో, ఆవిడ అక్కడ. "నీతో ఆడకపోతే పిచ్చెక్కేది" అని తర్వాత ఫోన్లో చెప్పింది. ఇవన్నీ కూడా మనం టైంపాస్ ఖాతాలోనే రాస్తాం.

ఖర్చు సంగతీ చెప్పాలి. ఫ్రీ అని చెప్పే గేముల్లో ప్రాణాలూ, పెట్టెలూ కొనమని ఊరిస్తారు. ఐదు రియాళ్లే కదా అని నొక్కుతూ పోతే నెలాఖరుకు ఇంటికి పంపే డబ్బుకు బొక్క పడుతుంది. నేను ఫోనులో కార్డు నంబరు పెట్టను. కొనాలనిపిస్తే పాత గేమ్ డిస్కు కొంటాను, ఆడాక అమ్మేస్తాను. దారం, గుడ్డ బలద్‌లోనూ బాబ్ మక్కా దగ్గరా చౌక. పూసలూ రిబ్బన్లూ అబూ రియాలైన్ షాపులో చాలు.

ఒంటి ఖర్చు ఇంకొకటి. లేసు సూదికీ జాయ్‌స్టిక్‌కూ రెంటికీ వాడేది అదే బొటనవేలు. నిరుడు నాకు మణికట్టు దగ్గర, బొటనవేలి మొదట్లో కత్తితో గీసినట్టు నొప్పి వచ్చింది. మా క్లినిక్ డాక్టరమ్మ బొటనవేలిని పిడికిట్లో మూసి చెయ్యి కిందకు వంచమంది. ప్రాణం పోయినంత పనైంది. డి కెర్వేన్ అనే జబ్బట, వేలి నరం తొడుగు వాస్తుందట, చంటిపిల్లల్ని ఎత్తే తల్లులకు కూడా వస్తుందట. 1990లో ఒక అమెరికన్ డాక్టరు గేము ఆడి బొటనవేలు నొప్పి తెచ్చుకున్న రోగి గురించి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కు ఉత్తరం రాశాడు. ఆ రోగి కుర్రాడు కాదు, 35 ఏళ్ల ఆవిడ! ఏకధాటిగా ఐదు గంటలు ఆడిందట. చదివి నవ్వుకున్నాను, నాకు తోడు ఉందని. మూడు వారాలు పట్టీ కట్టుకుని రెండూ మానేశాను. ఇప్పుడు ఇరవై నిమిషాలకు ఒకసారి చెయ్యి దించుతాను. సూది పిడికి గుడ్డ చుట్టి లావు చేశాను. అల్లేవాళ్లు అందరూ ఈ చిట్కా చేసి చూడండి, పట్టు తేలికవుతుంది.

అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త అమ్మకం గురించి. అల్లిక బాగుందని అంటే ఎవరైనా "నాకూ ఒకటి చేసివ్వు, డబ్బులిస్తా" అంటారు. మన ఆడవాళ్లకు ఆశ పుడుతుంది. తప్పేం లేదు, ఫీజులో నాలుగో వంతు వచ్చినా మేలే కదా అనిపిస్తుంది. కానీ డిపెండెంట్ ఇఖామా మీద పనికి అనుమతి లేదని రాసి ఉంటుంది. పర్మిషన్ లేకుండా డబ్బు తీసుకుని పనిచేస్తే పట్టుబడ్డప్పుడు నష్టం ఆవిడ ఒక్కదానికే కాదు, కుటుంబం మొత్తానికి. కాబట్టి వాట్సాప్‌లో రేట్లు పెట్టి ఫొటోలు పంచకండి. అమ్మాలనే ఉంటే ముందు అబ్షెర్‌లో మీ ఇఖామా వివరం చూసుకుని, చట్టపరంగా దారి ఉందో లేదో కనుక్కోండి. దారి లేకపోతే అల్లినవి సెలవుకు వెళ్లేటప్పుడు ఊరికి తీసుకెళ్లండి. మా వదిన పోయినేడు నా అంచులు ఇరవై మీటర్లు పట్టుకెళ్లి పాలకొల్లులో చీరల షాపులో ఇచ్చింది. వచ్చిన డబ్బు అమ్మ చేతికే ఇమ్మన్నాను. అమ్మ నోట్లు లెక్కపెట్టి, "మా రోజుల్లో ఏజెంటు ఇంత ఇవ్వలేదే" అందట.

మా బిల్డింగులో శుక్రవారం అసర్ తర్వాత ఆరేడుగురం కూర్చుంటున్నాం. అందులో ఇద్దరికి సూది పట్టడం ఇప్పుడిప్పుడే వస్తోంది. ఒకమ్మాయికి గేములు తప్ప ఏదీ వద్దు. ఇద్దరు హైదరాబాదీ అక్కలు బిర్యానీ బాధ్యత తీసుకున్నారు. తెలిసినవాళ్ల ద్వారా వచ్చేవాళ్లు రావచ్చు. సూదీ, ఛార్జరూ ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, దారం ఉంది. మగవాళ్లు మాత్రం కింద టీ హోటల్ దగ్గరే ఆగాలి.