దూరపు చుట్టాల ఆచూకీ

కందిమొక్కను వేళ్ళతో పెరికి చూచినవారికి ఆ వేళ్ళపై చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. చిదిమితే లోపల లేత ఎరుపు. అది లెగ్‌హీమోగ్లోబిన్ అనే మాంసకృత్తు రంగు. మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌కు అది దూరపు చుట్టం!

ఈ చుట్టరికం పైకి తెలియదు. మాంసకృత్తు అంటే 20 రకాల అమైనో ఆమ్లాలను అక్షరాలవలె కూర్చిన దండ. ఈ రెండు దండలను సరిపోల్చితే నూటికి ఇంచుమించు 20 చోట్ల అక్షరాలు కలిస్తే గొప్ప. అంతటి పోలిక కాకతాళీయంగానూ రావచ్చు.

1997లో అమెరికాలో ఆల్ట్‌షుల్ బృందం ప్రకటించిన సై-బ్లాస్ట్ అనే కంప్యూటరు పద్ధతి మొదట దగ్గరి బంధువులను పోగుచేస్తుంది. వారిని వరుసగా నిలిపి, ఏ స్థానంలో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తున్నదో పట్టిక వేస్తుంది. ఆ పట్టికతో మళ్ళీ వెదకుతుంది. ఈ కుటుంబంలో ఇనుమును పట్టి ఉంచే హిస్టిడిన్ దాదాపు మారదు. అటువంటి చోట కుదిరిన పోలికకు విలువ హెచ్చు. సంబంధం విచారించే మన పెద్దలు పేరు కలిసిందని పొంగిపోక, ఇంటిపేరూ ఊరూ అడగరూ?

చిక్కల్లా ఒకటే. పరాయివాడొకడు పొరపాటున పట్టికలో చొరబడితే, మరుసటి విడతలో తనవారినందరినీ వెంటబెట్టుకు వస్తాడు. కనుక ప్రతి విడతనూ మనిషి కన్ను పరిశీలించవలసిందే.

అక్షరాలు మారినా దండ మడతపడే తీరు చాలాకాలం నిలుస్తుంది. ఆల్ఫాఫోల్డ్ ఊహించి ఇచ్చే ఆకృతులను ఫోల్డ్‌సీక్ వంటి సాధనాలు నేడు నేరుగా పోల్చుతున్నాయి. అయినా చుట్టరికం తేలినంతనే పని తేలదు. నెత్తుటిలో హీమోగ్లోబిన్ ప్రాణవాయువును మోసుకుపోతుంది. కందివేరులోని చుట్టమో, నత్రజనిని పట్టే ఎంజైము చెడిపోకుండా ఆ వాయువునే అదుపులో ఉంచుతుంది.